నాలుగు అతుకులు

మారిసెల్వి సంచి సర్దుతోంది. నేను ఆ సంచి పక్కనే కూర్చుని, తను ఒకటి పెడితే ఒకటి తీస్తున్నాను.

"ఎన్న అత్తా ఇది! ఆ దుప్పటి ఇప్పుడే కదా పెట్టినాను?"

"తిరుప్పూరులో ఎండ ఇక్కడికంటే జాస్తి. దుప్పటి ఎందుకు?"

"హాస్టల్లో కింద పరుచుకునేదానికి."

"అంత పెద్ద కంపెనీవాళ్ళు ఒక చాప ఇయ్యరా?"

ఆమె నా చేతిలోంచి దుప్పటి లాక్కుని మళ్ళీ పెట్టింది. నీళ్ళు తాగడానికి లేచినప్పుడు నేను మళ్ళీ తీశాను. తీసి, మడిచి, నా చాప కింద దాచాను. సంచి నిండుగానే ఉంది కాబట్టి ఆమె గమనించలేదు.

అది 2023 చిత్తిరై నెల, ఎండలు ముదిరే కాలం. సెల్వి నా కోడలు. తొమ్మిదేళ్ళు మా రాజపాళయం పక్కన సత్రపట్టిలో ఒక కంపెనీలో బ్యాండేజి రోల్స్ చుట్టింది. యజమాని కరెంటుతో చుట్టే మిషను తెప్పించి, పదకొండు మంది ఆడవాళ్ళను ఒకే రోజు ఇంటికి పంపేశాడు. తిరుప్పూరు బనీను కంపెనీవాళ్ళు పేర్లు రాసుకుపోయారు. సోమవారం వ్యాను వస్తుంది. నా కొడుకు కళైయరసన్ పోయి అప్పటికి మూడేళ్ళు. పిల్లలు లేరు. "ఇంకా ఆ ముసలిదాని దగ్గర నీకేముంది?" అని సేత్తూరులో ఆమె అమ్మ అడిగిందని నాకు తెలుసు. 

మా ఇంట్లో సంచి సర్దుకున్నవాళ్ళు చెప్పిన రోజుకు తిరిగి రాలేదు. నా భర్త కేరళకు తోట పనికి పోతూ రెండు చొక్కాలు పెట్టుకున్నాడు. కళైయరసన్ మదురై ఆసుపత్రికి, ఒక్క రాత్రికే కదా అని, ఒక లుంగీ పెట్టుకున్నాడు. అందుకే జిప్పు చప్పుడు వింటే ఇప్పటికీ చేతిలో పని వదిలేసి అటు చూస్తాను.

ఆ మధ్యాహ్నం పంకజం అమ్మగారింటికి పుస్తకం తిరిగి ఇవ్వడానికి పోయాను. వాళ్ళ మిల్లులోనే నేను ఇరవై ఏడేళ్ళు కోన్ వైండింగులో, అంటే దారాన్ని కోనులకు చుట్టే చోట, పనిచేశాను. మిల్లు మూతపడ్డాక కూడా నేను ఆ గడప తొక్కడం మానలేదు. ఆమె చదివి పక్కన పెట్టిన తెలుగు పత్రికల్లోనే, నలభై దాటాక, అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు అక్కడిదే. మేము ఇంట్లో నోటితో మాట్లాడే తెలుగు వేరు, తమిళం కలిసింది.

అమ్మ తిన్నె మీద పడక కుర్చీలో ఉన్నారు. డెబ్బై నాలుగేళ్ళు. కళ్ళు మసక, గుండె బలహీనం, గొంతు మాత్రం మిల్లు సైరను.

"చదివినావా, సుమ్మా అట్లనే తిరిగి తెచ్చినావా?"

"చదవలేదమ్మా. మనసు నిలవలేదు."

విషయం చెప్పాను. ఆమె చాలాసేపు విసనకర్ర ఊపుతూ విన్నారు.

"తొమ్మిదేళ్ళు బ్యాండేజి చుట్టిన చెయ్యి, తిరుప్పూరు పోయి బనీనుకు లేబుల్ కుట్టేదా? ఇక్కడే సొంతంగా చేసుకోకూడదా?"

"చుట్టేది వచ్చునమ్మా. అమ్మేది రాదు."

"నాకేం పుట్టుకతో వచ్చిందా? ఆయన పోయినప్పుడు నాకు నలభై మూడు. నూలు కొనేవాళ్ళు ఫోన్ చేస్తే, 'ఇంట్లో మగవాళ్ళు లేరు' అని చెప్పి పెట్టేసేదాన్ని. ఒక నెలంతా అట్ల పెట్టేసినాను. తర్వాత తప్పులు చేసి చేసి నేర్చినా. దాన్ని పిలుచుకొని రా."

"సోమవారం వ్యాను వస్తుందమ్మా."

"వ్యాను నాలుగు నెలలు పోతే ఆవణిలో కూడా వస్తుంది. అంతదాకా నాకు ఇయ్యమని చెప్పు. ఆవణిలో నా కూతురు నివేదిత వచ్చి నన్ను కోయంబత్తూరు తీసుకుపోతుంది, గుండె ఆపరేషనుకు. ఆ లోపల నాకు తెలిసింది ఎవరికైనా ఇచ్చేసి పోతే నాకూ బరువు తగ్గుతుంది."

సెల్వి ఒప్పుకుంది. కానీ ఒక మాట పెట్టింది.

"సంచి మాత్రం విప్పను అత్తా. అట్లనే ఉండనీ. ఆవణికి ఏదీ కుదరకపోతే, ఆ వ్యానుకే పోతాను. అప్పుడు నువ్వు ఏడవకూడదు."

సంచిని అటక మీద పెట్టింది. ఆ వేసవి అంతా నేను బియ్యం ఏరుతున్నా, తల దువ్వుకుంటున్నా, అది పైనుంచి నన్ను చూస్తూనే ఉంది.

*

మొదటి పాఠం రోజు మేము పలకా బలపం తీసుకుపోయినంత పనిచేశాం. సెల్వి ఒక కొత్త నోటుబుక్కు కొనుక్కుంది. అమ్మ దాన్ని చూసి, "అది పక్కన పెట్టు. నేను కొనేవాడిని. నువ్వు అమ్మేదానివి. రా, అమ్ము" అన్నారు.

సెల్వి రెండు రోల్స్ చేతిలో పట్టుకుని, తల వంచుకుని నిలబడింది.

"వణక్కం సార్. బ్యాండేజి తెచ్చినాను."

"ఎంతకి ఇస్తావు?"

సెల్వి కాలి బొటనవేలితో నేల గీసింది. "మీరు చూసి ఇయ్యండి సార్."

మా వాళ్ళందరి నోటా ఉన్న మాట అది. కూలికి పోయినా, గేదె పాలు పోసినా, ముగ్గు వేసినా, మేము ధర చెప్పం. మీరు చూసి ఇయ్యండి అంటాం. అలా అనడమే మర్యాద అని మా అమ్మ నాకు నేర్పింది, నేను సెల్వికి నేర్పాను.

అమ్మ కుర్చీలో ముందుకు వంగారు. "నేను చూసినాను. చూసి, ఏమీ ఇయ్యను. ఇప్పుడేం చేస్తావు?"

సెల్వి నా వైపు చూసింది. నేను స్తంభం వైపు చూశాను.

"దాన్ని ఎందుకు చూస్తావు? అది ఇరవై ఏడేళ్ళు 'మీరు చూసి ఇయ్యండమ్మా' అనే చెప్పింది. మేమూ ఇరవై ఏడేళ్ళు చూసే ఇచ్చినాం. ఎంత ఇచ్చినామో దాన్నే అడుగు."

నాకు నవ్వు వచ్చింది. నవ్వకూడదేమో అనుకుంటూనే నవ్వాను. అమ్మ కూడా నవ్వారు. ఆ నవ్వులో కొంచెం సిగ్గు ఉందని నాకు అనిపించింది.

ఆ మాట నిషేధమైంది. అన్నప్పుడల్లా సెల్వి తిన్నె చుట్టూ ఒకసారి తిరిగి రావాలి. మొదటి వారం ఆమె తిన్నె ప్రదక్షిణమే ఎక్కువ చేసింది. ఎదురింటివాళ్ళు ఇదేం మొక్కుబడి అని అడిగారు. మరుసటి నెల, వైకాసి వచ్చేసరికి తల ఎత్తి ధర చెప్పి, చెప్పాక నోరు మూసుకుని నిలబడడం వచ్చింది. చెప్పడంకంటే నోరు మూసుకోవడం కష్టమని సెల్వి అనేది. "అవతలివాడు సొంతంగా ఒక మాట అనేదాకా ఆ గాలి మోసుకొని నిలబడాలి అత్తా. ఊపిరి ఆడదు."

ఇంకొక రోజు అమ్మ అడిగారు. "తొమ్మిదేళ్ళు చుట్టినావే, నువ్వు చుట్టింది ఎవరైనా విప్పేది చూసినావా?"

లేదు. ఆమే కాదు, ఆ కంపెనీలో పనిచేసిన పదకొండు మందిలో ఎవరూ చూడలేదు.

మర్నాడు సెల్విని డాక్టర్ రఘురామ గారి చిన్న ఆసుపత్రికి పంపారు. ఆయన పంకజం అమ్మకు మేనల్లుడి వరస. నాకు అక్కడ పని లేదు, కానీ సెల్వి ఒక్కతే బయటికి పోతుంటే నేను ఇంట్లో ఉండలేను. ఇద్దరం డ్రెస్సింగ్ గదిలో ఒక మూల బెంచీ మీద కూర్చున్నాం. అక్కడి నర్సు కణ్మణి మమ్మల్ని పైనుంచి కింది దాకా చూసింది.

"ఎవరు మీరు? రోగులా, సినిమా చూడ వచ్చినోళ్ళా?"

"మేము బ్యాండేజి చుట్టేవాళ్ళం అక్కా," అంది సెల్వి.

"ఓహో! ఆ మహాతల్లులు మీరేనా? రండి, చూడండి మీ పనితనం."

బైకు మీంచి పడిన మంసాపురం రైతు ఒకడు మోకాలు పట్టుకుని మూలుగుతున్నాడు. కణ్మణి ఎడమ చేత్తో గాయం మీద దూది అదిమిపెట్టింది. కుడి చేత్తో రోల్ తీసింది. దానికి చుట్టిన కాగితం నాలుగు వైపులా గట్టిగా అంటించి ఉంది. ఒక్క చేత్తో రాలేదు. నోటికి పెట్టుకుని పళ్ళతో చించి, కాగితం ముక్క తుపుక్కున ఊసింది.

"చూసినారా? దినానికి నలభై సార్లు ఇట్లనే తింటాను. మీ కాగితం తినే నా కడుపు నిండుతుంది."

 ఇంటికి వచ్చి సెల్వి కాగితాలు ముందేసుకుని, ఎడమ చెయ్యిని కొంగుతో నడుముకు కట్టేసుకుంది. కుడి చేత్తో మాత్రమే విప్పగలిగేలా కాగితం ఎలా అంటించాలో సాయంత్రం దాకా చూసింది. చివరికి ఒక మూల అంటించకుండా వేలెడంత తోక వదిలింది. దాన్ని పట్టుకుని బొటనవేలితో నెడితే చాలు, కాగితం పూర్తిగా ఊడి వస్తుంది. మర్నాడు పది రోల్స్ తీసుకుపోయి కణ్మణికి ఇచ్చింది. కణ్మణి ఒకటి విప్పి, ఇంకొకటి విప్పి, మిగిలిన ఎనిమిదీ తన సొంత డ్రాయరులో పెట్టి తాళం వేసుకుంది.

అది విని పంకజం అమ్మ కుర్చీ చేతిని రెండుసార్లు తట్టారు. ఆమె మెచ్చుకోలు అంతే. "పాఠం నేను చెప్పలేదు. ఆ నర్సు చెప్పింది. గుర్తుపెట్టుకో."

*

ఆని నెలలో సారల్ మొదలైంది. పడమటి కొండల మీదనుంచి ఆ సన్నని తుంపర వస్తే ఊరంతా హాయిగా ఉంటుంది, నాకు మాత్రం బ్యాండేజి గుడ్డకు చెమ్మ తగులుతుందని బెంగ. ఎందుకంటే అప్పటికి మాకు ఒక ఆర్డరు వచ్చింది. తెన్‌కాశి వైపు ఆసుపత్రులకు సరుకు వేసే పొన్‌రాజ్ అనే ఆయన దగ్గరికి సెల్వి ఒక్కతే బస్సెక్కి పోయి, తల ఎత్తి ధర చెప్పి, నోరు మూసుకుని నిలబడి తెచ్చుకున్న ఆర్డరు. యాభై డజన్లు. శుక్రవారానికి ఇవ్వాలి. నచ్చితే నెలనెలా తీసుకుంటానన్నాడు. నచ్చకపోతే, అటక మీద సంచి ఉండనే ఉంది.

సత్రపట్టిలో మగ్గాలున్న అళగర్, పంకజం అమ్మ మాట మీద గుడ్డ ఇచ్చాడు. లెక్కకు సరిపోయేంతే ఇచ్చాడు. మా పని ఇలా ఉంటుంది: మూడు మీటర్ల గుడ్డను చేతి మిషను పిడి తిప్పుతూ పూర్తి వెడల్పుతో కడ్డీకి చుట్టి, ఆ పొడుగాటి చుట్టను అరటి దూట కోసినట్టు అడ్డంగా కోస్తే తొమ్మిది రోల్స్ వస్తాయి. సెల్వి చుడుతుంది, కోస్తుంది. నేను కాగితం అంటిస్తాను.

బుధవారం సెల్వి కాగితాలు తేవడానికి ప్రెస్సుకు పోయింది. నేను ఉన్నవి లెక్కపెట్టాను. మూడు డజన్లు తక్కువ. ప్రతి గుడ్డ తాను చివరా మీటరున్నర చొప్పున మిగిలిన ముక్కలు మూలన ఎనిమిది ఉన్నాయి. మూడు మీటర్లు లేవని సెల్వి పక్కన పడేసినవి.

నేను అటక వైపు చూశాను.

మిల్లులో దారం తెగితే అతికేది మేమే. నా ముడి వేలికి తగిలేది కాదు. సూపర్‌వైజరు నా కోనును వెలుతురులో తిప్పి చూసి, "పాప్పమ్మాళ్ చేతిలో దారం తెగనే తెగదు" అనేవాడు. తెగేది. దినానికి నూరుసార్లు తెగేది. ఆ మాట వినడం కోసమే ఇరవై ఏడేళ్ళు ఎవరికీ కనపడకుండా అతికాను. నాకు తెలిసిన పనితనం అదొక్కటే.

సన్నని సూది తీశాను. రెండేసి ముక్కలు అంచుకు అంచు పెట్టి, కంటికి కనపడని కుట్టు వేశాను. నాలుగు అతుకులు. కడ్డీకి చుట్టాను. అతుకు లోపలికి పోయింది. కోశాను. ముప్పై ఆరు రోల్స్, సరిగ్గా మూడు డజన్లు. మిగిలినవాటిలో కలిపేసి కాగితం అంటించాను. సెల్వి వచ్చేసరికి వంట కూడా అయిపోయింది. ఆ రోజు నా చేతుల మీద నాకే ముద్దు వచ్చింది.

"సరిపోయినాయా అత్తా? నాకు తక్కువ పడతాయని భయం ఉండె."

"సరిపోయినాయి," అన్నాను.

గురువారం పొద్దున పెట్టెలు కట్టేముందు పంకజం అమ్మ రిక్షాలో మా ఇంటికే వచ్చారు. ఆమె మా ఇంటికి రావడం అదే మొదటిసారి. కుర్చీ లేదు. నేను తడబడుతుంటే ఆమే చాప మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, "ఏవైనా పది ఇయ్యి, విప్పాలి" అన్నారు.

"విప్పితే మళ్ళీ చుట్టాలి కదమ్మా," అన్నాను. 

"చుడదాం. కొనేవాడు విప్పేముందు మనం విప్పాలి."

కళ్ళు కనపడవు కాబట్టి ఆమె గుడ్డను వేళ్ళ మధ్య జారవిడుస్తూ విప్పుతున్నారు. మొదటిది బాగుంది. రెండు, మూడు బాగున్నాయి. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆరో దాంట్లో ఆమె వేళ్ళు ఆగాయి. రెండు చేతులతో పట్టుకుని మెల్లగా లాగారు. కోసినప్పుడు నా కుట్టు దారం రెండు వైపులా తెగిపోయింది కదా, అది నాకు తట్టనే లేదు. కోనులో ముడిని ఎవరూ కొయ్యరు. గుడ్డ రెండు ముక్కలై ఆమె రెండు చేతుల్లో వేలాడింది.

బయట సారల్ పడుతోంది. 

"ఇది ఎవరి చెయ్యి?" అన్నారు అమ్మ.

"నాదమ్మా," అంది సెల్వి.

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. పంకజం అమ్మ వైపే తల ఎత్తి చూస్తోంది.

"నేనే అతికినా. తక్కువ పడినాయని."

అమ్మ ఆ కుట్టును బొటనవేలితో తడిమారు. "ఈ చెయ్యి నీది కాదు సెల్వీ. ఈ చెయ్యి మా మిల్లులోది."

"నాదేనమ్మా," అన్నాను నేను. 

తిడతారనుకున్నాను. ఆమె ఆ రెండు ముక్కలనూ ఒడిలో పెట్టుకుని సెల్విని అడిగారు. "ఎన్ని ఉన్నాయో మీ అత్త చెప్తుంది. ఏవో మాత్రం చెప్పలేదు. ఇప్పుడు ఏం చేస్తావు?"

"అన్నీ విప్పాలి."

"రేపటికి అవుతుందా?"

"కాదు."

"అప్పుడు?"

సెల్వి ఫోన్ తీసి అమ్మకు ఇవ్వబోయింది. "మీరు చెప్తే ఆయన వింటాడమ్మా."

"వింటాడు. నేను ఆవణిలో ఉండను."

సెల్వి నంబరు నొక్కింది.  తమిళంలోనే మాట్లాడింది, కానీ ఆ మాటలు నాకు అలాగే గుర్తున్నాయి.

"పొన్‌రాజ్ అణ్ణా, నేను రాజపాళయం సెల్వి. రేపు సరుకు రాదు. మూడు డజన్లలో లోపల అతుకు ఉంది. లాగితే తెగుతుంది. ఏవి అని తెలీదు. అన్నీ విప్పి చూసి, సోమవారం ఇస్తాను. మూడు డజన్లు తక్కువే ఇస్తాను. యాభై కాదు, నలభై ఏడు."

చెప్పి నోరు మూసుకుంది. అవతల ఆయన అరుస్తున్నాడు. ఆసుపత్రివాళ్ళకు ఏం చెప్పేది, ఆడవాళ్ళను నమ్ముకుంటే ఇంతే, అన్నీ వినిపించాయి. సెల్వి ఆ గాలిని మోసుకుని నిలబడింది. ఒకచోట ఆమె పెదవులు "మీరు చూసి" దాకా వచ్చాయి. నేను చూశాను. ఆగిపోయింది.

చివరికి ఆయన, "సోమవారం పొద్దున నేనే వస్తా. నా చేత్తో విప్పి చూస్తా," అని పెట్టేశాడు.

సెల్వి ఫోన్ కింద పెట్టి, తలగుడ్డ బిగించుకుని, మొదటి పెట్టె బోర్లించింది.

*

ఆరువందల రోల్స్. గురువారం, శుక్రవారం, శనివారం ముగ్గురం కూర్చుని విప్పాం, చుట్టాం. నేను వద్దన్నా పంకజం అమ్మ కదల్లేదు. చుట్టే మిషను పిడిని ఆమె తిప్పుతుంటే, మిల్లు యజమాని ఇంటి చెయ్యి అలా తిరగడం చూసి నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు. ఆమెకు అసలు తిన్నగా చుట్టడం రాదు. అంచులు మెట్లు మెట్లుగా వచ్చేవి.

"ఎన్నమ్మా ఇది, కోవిల్ గోపురం కట్టినారా?" అని సెల్వి ఎగతాళి చేసింది. "విప్పండి. మళ్ళీ చుట్టండి."

"సరి, మేస్త్రీ," అన్నారు అమ్మ. విప్పి మళ్ళీ చుట్టారు. శనివారానికి వాటంగా చుట్టడం వచ్చింది ఆమెకు. డెబ్బై నాలుగేళ్ళకు.

శుక్రవారం మధ్యాహ్నం సెల్వి అన్నం వడ్డించడానికి లేచినప్పుడు నేను ఉన్నట్టుండి చెప్పేశాను.

"అమ్మా, మిల్లులో చెడిన కోనులు నేను పెట్టె అడుగున పెట్టేదాన్ని."

"తెలుసు."

"తెలిసి ఎందుకు ఊరకే ఉన్నారు?"

ఆమె పిడి ఆపలేదు. "మొదట్లో ఊరకే ఉండలేదు పాప్పమ్మా. తిట్టినాం, జీతం కోసినాం. తిట్టే కొద్దీ మీరు ఇంకా బాగా దాచినారు. అది అర్థమయ్యేదానికి నాకు పదేళ్ళు పట్టింది. అంతలో మేమూ అదే నేర్చినాం. మీరు మా దగ్గర దాచినారు, మేము కొనేవాళ్ళ దగ్గర దాచినాం. వాళ్ళు ఒక్కొక్కరే రావడం మానుకున్నారు. మిల్లు ఎందుకు మూసినాం అని ఊళ్ళో నానారకాలుగా చెప్తారు కదా. నాకు తెలిసింది ఇది."

తర్వాత, చుట్టిన రోల్ నా వైపు జరిపి, "నీ ముడి మాత్రం ఎప్పుడూ అందంగానే ఉండేది" అన్నారు.

సోమవారం పొన్‌రాజ్ వచ్చాడు. వాకిట్లో నిలబడి, పెట్టెకు నాలుగు చొప్పున తీసి విప్పాడు. కాగితం తోకను బొటనవేలితో నెట్టి, ఊడిపోతే, ఇంకొకటి నెట్టి చూశాడు. అతుకున్న ముప్పై ఆరింటినీ సెల్వి వేరే సంచిలో పెట్టింది. అవి కూడా చూపించింది. ఆయన ఒకదాన్ని లాగి, తెగిపోతే, ఆ కుట్టును కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఎవరు కుట్టింది ఇది?"

"నేను," అన్నాను. ఈసారి సెల్వి కంటే ముందే అన్నాను.

"పాట్టీ, నా పంచె చిరిగితే నీ దగ్గరికే తెస్తాను," అన్నాడు. నలభై ఏడు డజన్లూ బండికి ఎక్కించాక, హెల్మెట్ పెట్టుకుంటూ సెల్విని అడిగాడు. "వచ్చే నెల, ఆడికి, ఎన్ని ఇస్తావు?"

 సెల్వి వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. "అరవై. అంతకంటే చెయ్యలేను."

"అరవై," అని ఆయన బండి తోలాడు.

ఆ పూట సెల్వి స్టూలు ఎక్కి అటక మీంచి సంచి దింపింది. నేను పొయ్యి దగ్గరినుంచి కదల్లేదు, తల తిప్పలేదు. ఒక్కొక్క చీరా దండెం మీదికి వెళ్ళడం చప్పుడు బట్టి తెలుస్తూనే ఉంది. కొంతసేపటికి పిలిచింది.

"అత్తా, దుప్పటి ఏది?"

"నా చాప కింద."

"ఎప్పుడు తీసినావు?"

"చిత్తిరైలో. నువ్వు నీళ్ళు తాగేటప్పుడు."

ఆమె అంత గట్టిగా నవ్వడం కళైయరసన్ ఉన్నప్పుడు విన్నాను, మళ్ళీ అప్పుడు విన్నాను.

*

ఇప్పుడు మా ఇంట్లో చుట్టే మిషన్లు మూడు ఉన్నాయి. పాత కంపెనీ నుంచి పంపేసినవాళ్ళలో నలుగురు వస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళను సెల్వి మొదటి రోజే కణ్మణి దగ్గరికి పంపి, డ్రెస్సింగ్ గదిలో కూర్చోబెడుతుంది. కణ్మణి ఇప్పటికీ తిడుతుంది. గోడకు ఒక మేకు కొట్టి, ఒక బుట్ట తగిలించాం. చుట్టేటప్పుడు ఏ రోల్ అయినా చెడితే అందులో వెయ్యాలి. వేసినవాళ్ళను ఎవరూ ఒక్క మాట అనకూడదు. రోజూ సాయంత్రం ఆ బుట్ట తీసి, తప్పు ఎలా వచ్చిందో అందరం కలిసి చూస్తాం. అందులో మొదట పడినవి నా ముప్పై ఆరు. నాకు డెబ్బై దగ్గరపడింది. నేను నేర్చుకోవడానికి ఇంకా ఏదో మిగిలి ఉందని ఆ వేసవికి ముందు ఎవరైనా చెప్పి ఉంటే, ముసలిదాన్ని ఎగతాళి చేస్తున్నారనుకునేదాన్ని.

పంకజం అమ్మ సంచి నేనే సర్దాను. ఆవణి మొదటి వారం. నివేదిత కారు వాకిట్లో ఉంది. అమ్మ పెట్టె చక్రం విరిగి ఉంటే, "సెల్వి సంచి ఇప్పుడు ఖాళీ కదా, అది తెప్పించు," అన్నారు. మూడు నూలు చీరలు, కళ్ళజోడు, తులసి మాల. చదవకుండా నేను తిరిగి ఇచ్చిన ఆ పుస్తకం. ఆరు రోల్స్ బ్యాండేజి కూడా పెట్టమన్నారు.

"అంత పెద్ద ఆసుపత్రిలో ఉండవా అమ్మా?" అంది నివేదిత.

"ఉంటాయి. వాళ్ళవి ఎవరు చుట్టినారో నాకు తెలీదు."

ఒక్కటి కూడా నేను తిరిగి తియ్యలేదు. జిప్పు నేనే వేశాను. కారు కదిలేముందు సెల్వి కిటికీ దగ్గర వంగి, "త్వరగా రండి అమ్మా. ఐప్పసి నెలలో తిరునెల్వేలికి పోయి ఆర్డరు అడగాలి. నాకు భయంగా ఉంది," అంది.

"భయం ఉండనీ. ధర మాత్రం తగ్గించవద్దు," అన్నారు అమ్మ.

సెల్వి ఐప్పసిలో ఒక్కతే తిరునెల్వేలి పోయి, ఆర్డరుతో సాయంత్రం బస్సుకే తిరిగి వచ్చింది. అంతకుముందే నివేదిత పంపిన సంచి పార్సిలులో వచ్చింది. అందులో చీరలు, కళ్ళజోడు, పుస్తకం, విప్పని రోల్స్ రెండు ఉన్నాయి. పుస్తకం నేను చదివాను.

పంకజం అమ్మ 2023 ఆగస్టు 21, సోమవారం పొద్దున కోయంబత్తూరు వెళ్ళారు. సెప్టెంబరు 9, శనివారం అక్కడే పోయారు. తిరిగి రాలేదు.